మా విచారణ నాస్తికుడి విన్నపం

మా విచారణలో నాస్తికుడి ఉద్యోగం ఒక్కటే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని నేనే నిర్వహిస్తున్నాను. జీతం లేదు, సెలవు లేదు, ఆదివారాలూ పండుగలూ అదనపు పని. (విచారణ అనగానే బయటివారికి పోలీసు స్టేషను గుర్తుకొస్తుంది. మా ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషను) వాళ్ళకు అది ఒక ఫాదర్‌గారి ఏలుబడిలో ఉండే నాలుగైదు ఊళ్ళు. రెండుచోట్లా ప్రశ్నలు అడిగేది ఎవరో ముందే నిర్ణయమై ఉంటుంది.) ఇంతకాలం నోటిమాట మీద సాగిపోయిన ఈ ఉద్యోగాన్ని ఇకనైనా కాగితం మీదికి ఎక్కించి, విధులూ హక్కులూ రాసి ఇప్పించవలసిందిగా పీఠాధిపతులవారిని, అంటే మా బిషప్పుగారిని, వేడుకుంటున్నాను. ఇప్పుడే ఎందుకంటే, కారణం మా మేనల్లుడు. వాడి సంగతి తరువాత.

మా ఊరు పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య, కాలువ గట్టున ఉంది. డిసెంబరు రాగానే గుడి గోపురం మీద నక్షత్రం కట్టాలి. గోపురం పాతది, ఎక్కడానికి నిచ్చెన చాలదు, చివరి ఆరడుగులూ చేతులతో పాకాలి. భక్తులకు భార్యాబిడ్డలున్నారు. "వాడికి దేవుడంటే భయం లేదుగా, వాణ్ణి ఎక్కించండి" అని ఒక పెద్దమనిషి అన్నమాట ఆనాటి నుంచి శాసనమైంది. కింద యాభైమంది నా క్షేమం కోసం జపమాల చెబుతూ ఉంటారు, పైన నేను వైరు పళ్ళతో పట్టుకుని నక్షత్రం వెలిగిస్తూ ఉంటాను. ఇంతవరకు పడలేదు. ఎందుకు పడలేదన్న విషయంలో నాకూ వాళ్ళకూ అభిప్రాయభేదం ఉంది.

ఊరి పండుగకు మరియమాత స్వరూపాన్ని తేరు మీద ఊరేగిస్తారు. వెనుక కుడి కొమ్ము నాది. మైకు, జనరేటరు నావి. మట్టల ఆదివారానికి ఈతమట్టలు కొట్టి తెచ్చేది నేను, మరుసటి ఏడాది విభూది బుధవారానికి ఆ ఎండుమట్టలను కాల్చి బూడిద జల్లించేది కూడా నేనే. 'నీవు మన్నై ఉన్నావు, మరల మన్నైపోవుదువు' అని ఫాదర్‌గారు అందరి నుదుటా ఆ బూడిద రాస్తున్నప్పుడు జల్లెడ నాదని చిన్నపాటి గర్వం కూడా కలుగుతుంది. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఆ తరువాత వచ్చే మాటలతోనే.

ఇక ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మరియమాత ఉత్సవాలు. అమ్మను, పిన్నిని, వాళ్ళ మూటలను విజయవాడ తీసుకువెళ్ళి, కొండ మెట్లు ఎక్కించి, కొబ్బరికాయలూ తలనీలాలూ సమర్పించే ఆ జనసముద్రంలో ఎవరూ తప్పిపోకుండా తిరిగి తీసుకురావడం. మా అన్నయ్య గొప్ప విశ్వాసి. అందువల్ల కువైట్‌లో ఉన్నాడు. నేను విశ్వాసం లేనివాణ్ణి, అందువల్ల ఊళ్ళో ఉన్నాను. ఆయన డబ్బు పంపిస్తాడు, ప్రార్థించమని చెబుతాడు. మోతబరువు ఎవరి మీద పడుతుందో డెల్టాలో ఏ ఇంటిని అడిగినా చెబుతారు.

ఇన్ని చేస్తున్నా నా అవిశ్వాసాన్ని ఒక్కరూ నమ్మరు. ఇదే నా మొదటి ఫిర్యాదు. పాతికేళ్ళ వయసులో, మూడు రాత్రులు నిద్ర మానుకుని, అమ్మ ఎదుట నిలబడి దేవుడు లేడని ప్రకటించాను. ఏడుస్తుందనుకున్నాను. "సరేలే, ఆదివారం పూజకు ఏ చొక్కా ఇస్త్రీ చేయించను?" అని అడిగింది. మామ్మ మరో అడుగు ముందుకు వేసి, ఏసు శిష్యుడైన పునీత తోమాసుగారు కూడా ఏసు తిరిగి లేచాడంటే మొదట నమ్మలేదనీ, ఏసు గాయంలో వేలు పెట్టి చూశాకనే నమ్మాడనీ, అలాంటివాళ్ళే చివరికి సముద్రం దాటి ఈ దేశం వచ్చి ప్రాణం ఇస్తారనీ వీధి వీధంతా చెప్పింది. అలా నాలుగు రోజుల్లో నాకు పునీతుల జాబితాలో ఒక పోషకుణ్ణి కేటాయించేశారు. సందేహానికి కూడా ఒక పండుగ రోజు పెట్టి ఉంచిన సంస్థ మీద తిరగబడడం ఎంత కష్టమో తిరగబడినవాడికే తెలుస్తుంది.

బదిలీ మీద వచ్చే ప్రతి ఫాదర్‌గారికీ తాళాలగుత్తి, జమాఖర్చుల పుస్తకం, జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరుతోపాటు నన్ను కూడా అప్పగిస్తారు. మొదటి ఏడాది ఆయన నన్ను మార్చడానికి ప్రయత్నిస్తారు. రెండో ఏడాది ప్రింటరు బాగుచేయమని పిలుస్తారు.

నాస్తికత్వం మా ప్రాంతానికి దిగుమతి సరుకు కాదు. కాకినాడలో వృక్షశాస్త్రం బోధించిన గోరాగారు (గోపరాజు రామచంద్రరావు) నాస్తిక భావాల కారణంగానే 1933లో అక్కడి ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. అది తరువాత విజయవాడ చేరింది, గుణదల కొండకు ఆటోలో వెళ్ళగలిగినంత దూరానికి. ఆ కేంద్రంవారు నిప్పుల మీద నడిచి అందులో మహిమ ఏదీ లేదని చూపించారు. గ్రహణం వేళ గర్భిణులను ఆరుబయటికి తీసుకువచ్చారు. 1972లో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి బహిరంగంగా విందు పెట్టారు. నేనూ అదే దారిలో నడుద్దామనుకున్నాను గాని, అడుగు ముందుకు పడలేదు. మావాళ్ళు నిప్పులు తొక్కరు. గ్రహణం రోజున కడుపునిండా తిని పడుకుంటారు. ఆ విందు మా పేటలో పెడితే దాన్ని విప్లవం అనరు, ఆదివారం అంటారు. తెలుగు నాస్తికుడి ఆయుధాలన్నీ వేరే దేవుళ్ళ కొలతలకు తయారైనవి. కథోలికుల మీదికి తీసుకువెళితే ఒక్కటీ సరిపోదు.

మిగిలింది గుడ్ ఫ్రైడే. ఆ రోజు మాంసం ముట్టకూడదు. (శ్రీసభ, అంటే కథోలిక సంఘం, చట్టంలో చేపలూ రొయ్యలూ మాంసం కిందికి రావు. ఆ వెసులుబాటు రోములో ఎవరు ఆలోచించారో గాని డెల్టాను దృష్టిలో పెట్టుకుని ఆలోచించారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు శుక్రవారాల్లో మా వీధిలో నడిస్తే, చింతచిగురు వేసిన పచ్చిరొయ్యల వాసన ఇంటింటి పశ్చాత్తాపాన్నీ చాటుతూ ఉంటుంది.) పట్టపగలు మాంసం తెచ్చి, కిటికీ తెరిచి వండుకు తినాలని ఒక ఏడాది సంకల్పించాను. కొట్టు సాయిబుగారు నన్ను ఎగాదిగా చూశారు.

"ఈవేళ మీవాళ్ళు ముట్టరు కదండీ?"

నాకు మతం లేదని చెప్పాను.

"మీకు లేకపోవచ్చు. అమ్మగారికి ఉంది కదండీ. ఆదివారం పొద్దున్నే రండి, మంచి ముక్క తీసి ఉంచుతాను" అని కత్తి పక్కన పెట్టేశారు.

ఒక ముస్లిము పెద్దమనిషి పూనుకుని ఒక నాస్తికుడిచేత కథోలిక నియమం పాటింపజేశాడు. మతసామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవారు ఈ ఉదాహరణను ఉచితంగా వాడుకోవచ్చు. ఉపవాస బాధ్యత శ్రీసభ చట్టం ప్రకారం 59 ఏళ్ళు నిండేవరకు ఉంటుంది. నాకిప్పుడు 43. అమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి, ఇంకా పదహారేళ్ళు ఉన్నాయని సంతోషించింది.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో మతద్రోహి పీట నాకు దక్కనే లేదు. అది మా చిన్నబావగారిది. ఆయన ఆర్.సి.ఎం. వదిలి పెంతెకొస్తు సంఘంలో చేరి, మళ్ళీ కాలువలో బాప్తిస్మం పుచ్చుకున్నారు. దేవుడు లేడన్న నాకు అమ్మ రెండోసారి కూర వడ్డిస్తుంది. దేవుడు ఉన్నాడు గాని స్వరూపాలకు దండం పెట్టవద్దన్న ఆయనకు మాత్రం కూరగిన్నె తనంతట తానే దూరంగా జరిగినట్టు ఉంటుంది. ఒక క్రిస్మస్ భోజనాల దగ్గర ఆయన మరియమ్మను మామూలు ఆడమనిషి అన్నారు. నేను విస్తరి ముందునుంచి లేచి, తల్లి గౌరవం గురించీ శ్రీసభ సంప్రదాయం గురించీ పావుగంట మాట్లాడాను. గొంతు కూడా వణికింది. కూర్చున్నాక చూస్తే అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఆ పావుగంట మాటలను ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

వదిలి వెళ్ళిపోవచ్చు కదా అంటారు. ఎక్కడికి? శ్రీసభ దృష్టిలో జ్ఞానస్నానం చెరగని ముద్ర. అయినా వాళ్ళ చట్టంలో, వివాహాలకు సంబంధించిన నిబంధనల్లో, 'లాంఛనంగా శ్రీసభను విడిచిపెట్టినవారు' అనే మాట ఒకటి ఉండేది. అంటే తలుపు సన్నంగానైనా తెరిచి ఉందన్నమాట. ఈ పంట పట్టుబడి అయ్యాక వెళదాం, ఆ పంట అయ్యాక వెళదాం అని వాయిదా వేస్తూ ఉండగా 2009లో 16వ బెనెడిక్టు పోపుగారు ఆ మాటనే తీసేశారు. అదే ఏడాది మన ప్రభుత్వం వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చింది. మా ఊళ్ళో రెండో వార్త గురించే మాట్లాడుకున్నారు. నేనూ ఆ సందడిలోనే ఉన్నాను. నా బతుకుతెరువు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు మరి.

ఆ ల్యాబు దగ్గర కూడా నా స్థానం అంతంతమాత్రమే. సీడు (రొయ్యపిల్లలు) వదిలేముందు రైతు రెండు పనులు చేస్తాడు: నీళ్ళ సీసా నాకు పంపిస్తాడు, ఫాదర్‌గారిని పిలిచి చెరువు దీవించమంటాడు. ఫాదర్‌గారు గట్టు చుట్టూ తిరిగి తీర్థం చల్లుతారు, నేను ఆయన వెనుక సీసా పట్టుకుని నడుస్తాను. పంట బాగా వస్తే పునీత అంతోనివారి మహిమ. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వస్తే ల్యాబు రిపోర్టు తప్పు. పద్దెనిమిదేళ్ళలో అంతోనివారి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

కాగితాల సంగతి ఇంకా కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. తరువాత 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సి కింద చేర్చి ఒక్క శాతం కేటాయించారు. కనుక నేను క్రైస్తవుణ్ణయితే ఒక కులం, హిందువునని ఒప్పించగలిగితే మరో కులం. ఏ దేవుణ్ణీ నమ్మనంటే ఏ కులమో చెప్పే గడి ఫారంలో నాకు కనబడలేదు. దేవుణ్ణి వదిలినవాణ్ణి కులం కూడా వదిలేస్తుందేమోనని కొన్నాళ్ళు ఆశపడ్డాను. పై వీధిలో టీ తాగినప్పుడు ఆ ఆశ పోయింది. దేవుడు ఉన్నాడా లేడా అని మా ఊళ్ళో ఎవరైనా వాదించవచ్చు, కులం విషయంలో మాత్రం ఒక్క నాస్తికుడూ లేడు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద దాదాపు 28.7 లక్షలమంది మతం చెప్పనివారిగా నమోదయ్యారు. అందులో నేను లేను. లెక్కలు రాసే మాస్టారు వచ్చినప్పుడు నేను చెరువు గట్టున ఉన్నాను, వివరాలు అమ్మ చెప్పింది.

నాన్నగారితో మాత్రం ఒక్కసారే వాదించాను. వ్యాసాలు చదివి, ఉదాహరణలు పోగుచేసుకుని, లోకంలో ఇంత బాధ ఉండగా దయగల దేవుడు ఎలా ఉంటాడని అడిగాను. ఆయన మిషను బోర్డింగులో చదివారు. మా తాత పాలేరు, ఇంట్లో రెండో పూట పొయ్యి వెలిగేది కాదు. నేను చెప్పిందంతా ఓపికగా విని, "దేవుడి సంగతి నువ్వే తేల్చు. గోధుమనూక మాత్రం ఉంది. నేను తిన్నాను" అన్నారు. అంతే. ప్రపంచంలోని తత్త్వవేత్తలు దేవుడి ఉనికి గురించి చేసిన వాదాలకు ప్రతివాదాలు నా దగ్గర ఉన్నాయి. గోధుమనూక వాదానికి ఇంతవరకు దొరకలేదు. మరి ఆ నూక పొందడానికి మోకాళ్ళ మీద ఎందుకు నిలబడవలసి వచ్చిందని అడగవచ్చు. అడగాలి కూడా. ఆయన ముఖం చూసి అడగలేదు.

ఇక మేనల్లుడి సంగతి. ఇంటర్మీడియట్ రెండో ఏడాది. ఈ జూన్‌లో సెలవుల నుంచి వస్తూనే, "మావయ్యా, నేను కూడా నాస్తికుణ్ణి" అన్నాడు. సంతోషించవలసిందే. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఒక విచారణ ఇద్దరు నాస్తికులను పోషించగలదా? పైగా వీడు అసలు సిసలు రకం. పూజకు రాడు. తేరు మోయడు. నక్షత్రం కట్టమంటే, నమ్మకం లేనివాడు ఎందుకు కట్టాలని అడిగాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఊళ్ళో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి: "వీడు నిజంగానే నమ్మడట. ఆ పెద్దవాడిలాగా కాదు."

అక్టోబరు జపమాల మాసం. రోజుకొక ఇంటికి మరియమాత స్వరూపం వస్తుంది. మా ఇంటి వంతు వచ్చిన రాత్రి గాలివాన. కరెంటు పోయింది. నలభైమంది చీకట్లో, చూరునీళ్ళ చప్పుడులో, అమ్మ ముందు చెబుతుంటే వెనుక అందుకుంటున్నారు. నేను అలవాటుగా గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేనల్లుడు వాళ్ళ అమ్మ బలవంతం మీద వచ్చి మూలన కూర్చున్నాడు. ఒక జపమాలకు మంగళవార్తలు, అంటే మరియమ్మకు చెప్పే జపాలు, యాభైమూడు; మొదటి మూడూ పోను గుత్తికి పది. అమ్మకు ఈ మధ్య వేళ్ళు మొద్దుబారాయి, పూసలు జారిపోతున్నాయి. నాలుగో గుత్తి ముగించి, గుత్తి చివర చెప్పే త్రిత్వస్తుతి ఎత్తుకోబోయింది.

"అమ్మా, తొమ్మిదే అయ్యాయి" అన్నాను.

గదంతా ఆగింది. జపాలు నేర్పే ఉపదేశిగారు కూడా లెక్క తప్పారు. "అయితే ఆ ఒక్కటీ నువ్వే అందించు నాయనా" అంది అమ్మ.

అందించాను. తడబడకుండా, ఆమెన్ దాకా. అది అయ్యాక చూస్తే మూలనుంచి మేనల్లుడి ఫోను వెలుతురు సూటిగా నా ముఖం మీద ఉంది.

వాడు వీడియో తీశాడు. దాన్ని ఎవరెవరికి పంపాడో ఇంకా తెలియలేదు. కాబట్టి అయ్యా, నా సర్వీసును దృష్టిలో పెట్టుకుని, ఈ డిసెంబరులో గోపురం ఎక్కేలోపే నన్ను మా విచారణ నాస్తికుడిగా ఖాయం చేస్తూ ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా తమరికి నా ప్రార్థన.