గంటల లెక్క వద్దు, లీటర్ల లెక్క కావాలి

మార్చి సగం దాటిందంటే హైదరాబాద్ పడమటి వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం మెసేజ్ కనిపిస్తుంది. "రేపటి నుంచి నీళ్లు ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 8 మాత్రమే. అందరూ సహకరించగలరు." దాని కింద నాలుగు నమస్కారం బొమ్మలు, ఆ తర్వాత అసలు గొడవ. పై ఫ్లోర్‌కి ప్రెషర్ రావడం లేదని ఒకరు. సెల్లార్‌లో ఎవరో పైపు పెట్టి కారు కడుగుతున్నారని ఇంకొకరు. ఉండేది ఇద్దరమే, మాకూ అదే మెయింటెనెన్సా అని మరొకరు. నిజాంపేట, బాచుపల్లి, మణికొండ, నల్లగండ్ల... ఎక్కడైనా ఇదే తంతు.

కొరత నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఎవరు ఎంత వాడారో ఎవరికీ తెలియదు కాబట్టే అది తగాదాగా మారుతోంది. కరెంటు బిల్లును చదరపు అడుగుల లెక్కన పంచుకుందామంటే ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఒప్పుకుంటారా? ఇంటింటికీ మీటరుంది, ఎవరి బిల్లు వారిది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం సంపు దగ్గర అంతా కలిసిపోతుంది. సెక్రటరీ చేతిలో మిగిలే ఆయుధం ఒక్కటే, వాల్వ్ కట్టేయడం.

వాల్వ్ కట్టేస్తే వాడకం తగ్గుతుందని అనుకుంటాం. జరిగేది చూడండి. ఎనిమిదింటికి నీళ్లు ఆగిపోతాయని తెలిసిన ఇంట్లో ఏడున్నరకే బకెట్లు, డ్రమ్ములు, బాత్‌టబ్ ఉంటే అదీ నింపేస్తారు. సాయంత్రం తాజా నీళ్లు రాగానే పొద్దున పట్టినవాటిలో సగం పారబోసి మళ్లీ పడతారు. నీళ్లు రాని వేళ తిప్పి మరిచిపోయిన నల్లా, నీళ్లొచ్చినప్పుడు ఎవరూ లేని ఇంట్లో ధారగా కారుతుంది. నైట్ షిఫ్ట్ చేసి తొమ్మిదింటికి ఇల్లు చేరే నర్సుకు స్నానానికి నీళ్లుండవు. పనమ్మాయి వచ్చేది పదింటికి, అంట్లన్నీ సింకులోనే ఉంటాయి. మంచం మీదున్న పెద్దవాళ్లున్న ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. గంటల కోత అందరికీ సమానమని పేరేగానీ, పెద్ద డ్రమ్ములూ వాటిని పెట్టుకునే బాల్కనీ ఉన్నవాళ్లకు అది కోతే కాదు.

కొరతను సమయంతో కాకుండా పరిమాణంతో పంచాలి. రోజుకు మీ ఇంటికి ఇన్ని లీటర్లు, ఎప్పుడు వాడుకుంటారో మీ ఇష్టం. ఇలా చెప్పాలంటే ఇంటింటికీ మీటరు ఉండాలి. మీటరు పెట్టడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే, నీటి పొదుపు ఆ తర్వాతి సంగతి.

అయితే "మీటర్లు పెట్టేద్దాం" అని తీర్మానం చేసినంత తేలిక కాదు పెట్టడం. మన అపార్ట్‌మెంట్లలో పైపులు దిగే షాఫ్ట్ తలుపు తీసి చూస్తే విషయం అర్థమవుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వంటింటికి ఒక పైపు, మాస్టర్ బాత్‌రూముకు ఒకటి, కామన్ బాత్‌రూముకు ఒకటి, యుటిలిటీలో వాషింగ్ మెషీన్‌కు ఇంకొకటి. పై నుంచి కిందికి దిగే ఈ పైపులు ప్రతి ఫ్లోర్‌లో ఒక్కో ఫ్లాట్‌లోకి నాలుగు చోట్ల దూరతాయి. ఊళ్లో ఇంటికి ఒక్క కనెక్షన్, ఒక్క మీటరు. ఇక్కడ ఒక్క ఫ్లాట్‌కు నాలుగు మీటర్లు, మూడు బెడ్‌రూములైతే అయిదు. పైగా హైదరాబాద్‌లో చాలాచోట్ల వంటింట్లో ఒక నల్లాకు మంజీర నీళ్లు, అంటే నగరానికి నీళ్లిచ్చే జలమండలి సరఫరా (వచ్చేది కృష్ణా నీళ్లయినా పేరు మాత్రం మంజీరే), మిగతా వాటికి బోర్ నీళ్లు. ఒక్క నల్లా కోసం ఒక విడి లైను, దానికీ ఒక మీటరు.

మీటరు రకం కూడా ఆలోచించాల్సిన విషయమే. లోపల చక్రం తిరిగే మెకానికల్ మీటరు చవక. కానీ మన బోర్ నీళ్ల ఉప్పుకు గీజర్ కాయిలే రెండేళ్లకు తెల్లగా పేరుకుపోతుంది, ఆ చిన్న చక్రం ఎన్నాళ్లు సరిగ్గా తిరుగుతుంది? ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్లీ నీళ్లొచ్చేటప్పుడు పైపుల్లోని గాలికి కూడా అది తిరిగేస్తుంది. ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్లలో కదిలే భాగాలుండవు. రీడింగు వైర్‌లెస్‌గా పంపగలవు, కొన్నింటికి నీళ్లు ఆపే వాల్వ్ కూడా ఉంటుంది. ధర ఎక్కువ, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. బెంగళూరు, చెన్నై కంపెనీలు కొన్ని వీటిని అపార్ట్‌మెంట్లకు బిగించి, నెలకింత అని సర్వీసు చార్జీ తీసుకుంటున్నాయి. అగ్రిమెంట్‌లో కమిటీ చూడాల్సింది ఒకటుంది. కంపెనీ మూతపడితే రీడింగులు మన చేతికి వస్తాయా, లేక యాప్‌తో పాటే పోతాయా?

ఇంటింటి మీటరు కన్నా ముందు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి. జలమండలి లైను సంపులో పడేచోట ఒకటి, ఒక్కో బోరుకు ఒకటి, ట్యాంకర్ నీళ్లు దింపే పైపుకు ఒకటి. చాలా అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ల లెక్క వాచ్‌మన్ నోట్‌బుక్‌లో తేదీ, బండి నంబరు, సంతకం. అంతే. పదివేల లీటర్ల ట్యాంకర్ అంటాడు, ఎన్ని దిగాయో ఎవరు కొలిచారు? ఈ మూడు నాలుగు మీటర్లకయ్యే ఖర్చు ఒక వేసవిలో ట్యాంకర్లకు పెట్టేదానిలో చిన్న భాగం. లోపలికొచ్చిన మొత్తానికీ ఫ్లాట్ల మీటర్లు చూపే మొత్తానికీ మధ్య ఉండే తేడాలోనే ఓవర్‌ఫ్లో అయ్యే ట్యాంకు, పగిలిన అండర్‌గ్రౌండ్ పైపు, లాన్, సెల్లార్ కడుగుడు అన్నీ దాక్కుని ఉంటాయి. ఆ తేడా తెలియకుండా ఫ్లాట్ల బిల్లులు వేస్తే, ఆ నష్టమంతా నివాసితుల నెత్తినే పడుతుంది.

ఇక ధర. గ్రేటర్ హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి గృహాలకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కు 20 వేల చొప్పున లెక్కగడతారు. నలుగురున్న ఇంట్లో అది మనిషికి రోజుకు సుమారు 167 లీటర్లు. నగరాలకు ప్రమాణంగా చెప్పే 135 లీటర్ల కన్నా ఎక్కువే. అన్ని నీళ్లూ నిజంగా వస్తే ఈ వ్యాసమే అక్కర్లేదు. రావు కాబట్టే ట్యాంకర్లు. అంటే మొదటి లీటరు దాదాపు ఉచితం, చివరి లీటరు ట్యాంకర్ ధర. రెండూ కలిపి సగటు తీసి ఫ్లాట్లకు పంచడంతోనే చిక్కంతా వస్తోంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు ఊహించినవే. 60 ఫ్లాట్లు, 240 మంది. రోజుకు 36 వేల లీటర్ల వాడకం. జలమండలి, బోర్లు కలిపి 24 వేలు ఇస్తే, మిగతా 12 వేలు ట్యాంకర్. పదివేల లీటర్లకు 1,500 రూపాయలనుకుంటే లీటరుకు 15 పైసలు, రోజుకు 1,800, నెలకు 54 వేలు. సమానంగా పంచితే ఫ్లాట్‌కు 900. రోజుకు 250 లీటర్లు వాడే ఇద్దరూ 900 కడతారు, వెయ్యి లీటర్లు వాడే ఆరుగురూ 900 కడతారు.

మీటర్లున్నాయనుకోండి. ఫ్లాట్‌కు రోజుకు 400 లీటర్లు మామూలు ధరకు, ఆ పైన వాడిన ప్రతి లీటరుకూ ట్యాంకర్ ధర. ఇద్దరున్న ఇంటికి ట్యాంకర్ ఖర్చే ఉండదు. ఆరుగురున్న ఇంటికి నెలకు 2,700. పొదుపుకు ఇది మంచి రేటేగానీ న్యాయమైనదేనా? అత్తమామలు, ఇద్దరు పిల్లలున్న ఇంటివాళ్లు విలాసంగా వాడుతున్నారని ఎలా అంటాం? అదే మనిషికి 100 లీటర్ల చొప్పున లెక్కగడితే ఆరుగురున్న ఇంటికి 1,800, ఇద్దరున్న ఇంటికి 225. నా లెక్కలో ఇదే సరైనది. ఇందులోనూ తలనొప్పి ఉంది. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో కమిటీకి చెప్పాలి, నెలకోసారి మారే బ్యాచిలర్ల ఫ్లాట్లను అడుగుతూ ఉండాలి, డెలివరీకి వచ్చిన కూతురిని లెక్కలో వేయాలా వద్దా అన్న చర్చా వస్తుంది. రానివ్వండి. వాల్వ్ ఎన్నింటికి కట్టాలన్న చర్చ కన్నా అది మేలు.

మీటరు లేకుండానే చదరపు అడుగులనో, మనుషుల లెక్కనో బట్టి నీళ్ల ఖర్చు పంచితే జనం తగ్గించి వాడతారా? అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్ల మీద చేసిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం 2004లో వచ్చింది. నీళ్ల ఖర్చు అద్దెలోనే కలిసిపోయే ఇళ్లతో పోలిస్తే, విడి మీటర్లున్న చోట వాడకం సుమారు 15 శాతం తక్కువ. మీటరు లేకుండా ఫార్ములాతో పంచిన చోట చెప్పుకోదగ్గ తగ్గుదలే కనిపించలేదు. అక్కడి లాన్లు, అలవాట్లు వేరు కాబట్టి ఆ 15 శాతాన్ని మనకు అతికించలేం. తేడా ఎందుకొచ్చిందో మాత్రం మనకూ వర్తిస్తుంది. నా బిల్లు నా నల్లాను బట్టి మారకపోతే నేనెందుకు మారతాను?

పొదుపు ఎక్కువగా వచ్చేది మనం అనుకునే చోట కాదు. స్నానం రెండు నిమిషాలు తగ్గించే ఇళ్లు కొన్నే ఉంటాయి. ఫ్లష్ ట్యాంకు కారడం మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది, చప్పుడు లేకుండా. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా రోజుకు 288 లీటర్లు, నెలకు 8,600 పైచిలుకు. పైన ఉదాహరణలో ఇద్దరున్న ఇల్లు రోజంతా వాడే నీళ్లకన్నా ఇదే ఎక్కువ. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేస్తే చాలు. కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ పోయినట్టే. రాత్రి రెండింటికి అందరూ పడుకున్నప్పుడు కూడా మీటరు తిరుగుతోందంటే ప్లంబర్‌ని పిలవాలని అర్థం. అయితే మరీ సన్నగా కారే ధారను మామూలు మీటర్లు పట్టుకోలేవు, కాబట్టి ఈ రంగు పరీక్ష మీటరున్న ఇంటికీ అవసరమే.

మీటర్లకు అడ్డుపడేది తరచుగా అద్దెకుండేవాళ్లు కాదు, ఓనర్లు. డాలస్‌లో ఉంటూ ఇక్కడ ఫ్లాట్ అద్దెకిచ్చిన ఓనరుకు నాలుగు మీటర్ల ఖర్చు తనది, తగ్గే బిల్లు టెనెంటుది. ఆయనెందుకు చేయెత్తుతాడు? ఈ ఖర్చును ఓనర్లంతా ముందే కట్టి ఉంచిన కార్పస్ ఫండ్ నుంచి పెట్టి, ఆస్తికి అదనపు సౌకర్యంగా చూపించడమే దీనికి దారి. టెనెంట్లకు ఓటు లేకపోయినా మీటింగులో మాట్లాడే అవకాశం ఇవ్వాలి, నీళ్లు వాడేది వాళ్లు కదా.

అన్ని చోట్లా మీటర్లు పెట్టాలని నేననను. మూడొందల గజాల్లో పది ఫ్లాట్లున్న పాత బిల్డింగులో గోడలు పగలగొట్టి నలభై మీటర్లు బిగించడం డబ్బు దండగ. అక్కడ లీకులు వెతికి, సంపుకు మీటరు పెట్టి, నల్లాలకు ఏరేటర్లు (గాలి కలిపి ధారను తగ్గించే చిన్న జాలీలు) బిగిస్తే సరిపోతుంది. బెంగళూరు జలమండలి 2024 మార్చిలో అపార్ట్‌మెంట్లకు, మాల్స్‌కు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. తాగునీటితో కార్లు కడిగితే 5 వేల జరిమానా కూడా అప్పుడే పెట్టింది. కానీ కొత్తగా కట్టేవాటికి సాకు లేదు. ఫ్లాట్‌కు ఒకే చోట నీళ్లు లోపలికి వచ్చేలా పైపులు వేస్తే ఒక్క మీటరు చాలు, కట్టేటప్పుడు ఆ ఖర్చు లెక్కలోకే రాదు. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ బొమ్మలు బ్రోషర్‌లో వేసే బిల్డర్ ఇది మాత్రం ఎందుకు చేయడు? బిల్డింగ్ పర్మిషన్‌లోనే దీన్ని షరతుగా పెట్టాల్సింది ప్రభుత్వం.

మీటరు నీళ్లను పుట్టించదు, ఆ సంగతి మరిచిపోకూడదు. హైదరాబాద్ నిలబడింది గ్రానైట్ మీద. పై పొర కింద నీళ్లు నిలిచేది రాతి పగుళ్లలోనే, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గుతాయి. వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్మే వచ్చిందంటే కారణం అదే. 2023 ఆగస్టులో దేశంలో 1901 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ వాన పడింది, మరుసటి వేసవిలో నాగార్జునసాగర్ నుంచి నగరానికి ఎమర్జెన్సీ పంపింగ్‌తో నీళ్లు తోడాల్సి వచ్చింది. ప్రైవేటు ట్యాంకర్ తెచ్చేవి కూడా చాలావరకు నగర శివార్ల వ్యవసాయ బోర్ల నీళ్లే, అంటే అవీ అదే రాతి కిందివి. మన దగ్గర ఇంకుడు గుంత అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో ఉంటుంది, చాలాచోట్ల దాని మీద బైకుల పార్కింగ్ ఉంటుంది.

మీటర్లు పెట్టుకునే అపార్ట్‌మెంట్లకు రెండు మాటలు. మొదటి మూడు నెలలు రీడింగులు ఇచ్చి, డబ్బులు పాత పద్ధతిలోనే వసూలు చేయండి. ఎవరి వాడకం ఎంతో చూసుకుని, లీకులు బాగు చేయించుకునే టైమ్ దొరుకుతుంది. రెండోది, రిమోట్ వాల్వ్ చేతిలో ఉంది కదా అని మెయింటెనెన్స్ కట్టనివాళ్లకు నీళ్లు పూర్తిగా ఆపేయకండి. బాకీ వసూలుకు చట్టంలో వేరే దారులున్నాయి, పసిపిల్లలున్న ఇంటికి నీళ్లు ఆపడం ఏ బైలాతోనూ సమర్థించుకోలేం.

ఫ్లాట్ నంబర్లతో సహా రీడింగులు గ్రూపులో పెట్టాలా అన్నది తేలని వాదన. సిగ్గుపడి తగ్గిస్తారని కొందరంటారు. నా ఓటు వద్దనే. వారం రోజులు సున్నా రీడింగంటే ఆ ఇంటికి తాళమని అందరికీ చెప్పినట్టే కదా. ఎవరి అంకె వాళ్లకు, దాని పక్కన బిల్డింగ్ సగటు చూపిస్తే చాలు. ఈ తీర్మానాలకు జనరల్ బాడీ పెట్టాల్సింది సెప్టెంబర్‌లో, సంపు నిండుగా ఉన్నప్పుడు. అప్పుడు కోరం నిండదు. ఏప్రిల్‌లో పెడితే హాలు నిండుతుంది, కానీ ఆ రోజు అందరూ అడిగేది ట్యాంకర్ ఎప్పుడొస్తుందనే.