హైదరాబాద్‌లో పాట వినడానికి ఎంత దూరం వెళ్లాలి?

వానలు తగ్గి చలిగాలి మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో కచేరీల కాలం వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరుబయట కూర్చోవడానికి అనువైన వాతావరణం ఉంటుంది కాబట్టి పెద్ద నిర్వాహకులంతా ఈ నాలుగు నెలల కోసమే కాచుకుని ఉంటారు. 2023 నుంచి ఈ నగరం చూసిన కచేరీలు తక్కువేమీ కాదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా, 2024 అక్టోబరులో అదే మైదానంలో దేవిశ్రీ ప్రసాద్, ఆ మరుసటి నెలలో శంషాబాద్ విమానాశ్రయం పక్కన దిల్జీత్ దోసాంజ్, 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్‌సిటీలో ఎడ్ షీరన్, నవంబరులో అక్కడే ఏఆర్ రెహమాన్. ఒకప్పుడు ఇలాంటి గాయకుల కోసం మన పిల్లలు ముంబైకో బెంగళూరుకో రైలెక్కేవారు. ఇప్పుడు వాళ్లే మన ఊరికి వస్తున్నారు. ఇది సంతోషించదగ్గ మార్పు.

కానీ ఈ పెద్ద రాత్రులకూ, నగరంలో మామూలు రోజుల్లో వినిపించే సంగీతానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. అది ఏటేటా పెరుగుతోంది. అటు వేలమంది నిలబడే మైదానం, ఇటు ముందు రెండు వరసలే నిండే ఉచిత సభ. ఈ రెండింటి నడుమ నాలుగైదు వందలమంది టికెట్ కొని కూర్చుని, రెండు గంటలు విని, మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లగలిగే కచేరీ దొరకడం కష్టం. కోటిమందికి పైగా ఉన్న నగరానికి ఇది చిన్న లోటు కాదు.

2025 జనవరి 28న భువనేశ్వర్‌లో ప్రధాని కచేరీల ఆర్థిక వ్యవస్థ గురించి ప్రస్తావించినప్పటి నుంచి ప్రభుత్వాల చూపంతా పెద్ద ప్రదర్శనల వైపే ఉంది. హోటల్ గదులు, విమాన టికెట్లు, పన్ను రాబడి లెక్కలోకి వస్తాయి. రావలసిందే. అయితే బయటి నుంచి వచ్చే బృందం తన వాద్యకారులను, తన సౌండ్ ఇంజనీర్లను వెంట తెచ్చుకుంటుంది. మరుసటి రోజు వేదిక విప్పి లారీలకెత్తి వెళ్లిపోతుంది. స్థానికులకు మిగిలేది కుర్చీలు వేసే పని, సెక్యూరిటీ పని, తినుబండారాల దుకాణాలు. ఆ ఆదాయాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ రాంకోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలోనో, సికింద్రాబాద్‌లోని భక్త రామదాసు కళాశాలలోనో ఏళ్ల తరబడి సాధన చేసి బయటికొచ్చే వీణ, వయొలిన్, మృదంగ విద్యార్థికి ఆ రాత్రి వల్ల ఒరిగేదేమీ లేదు.

శ్రోత వైపు నుంచి కూడా చూద్దాం. రామోజీ ఫిల్మ్‌సిటీ విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దాటాక వస్తుంది. మెట్రో ఎల్బీ నగర్‌లోనే ఆగిపోతుంది. కూకట్‌పల్లిలో ఉండే కుటుంబం అక్కడికి చేరాలంటే నగరాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి దాటాలి. శంషాబాద్‌కూ మెట్రో లేదు. కచేరీ ముగిసిన అరగంటలో వేలమంది ఒక్కసారిగా రోడ్డెక్కితే క్యాబ్ ధర ఎలా ఎగబాకుతుందో అనుభవించినవారికి చెప్పనక్కర్లేదు. కారు ఉన్నవారు పార్కింగ్ నుంచి బయటపడటానికే గంట ఎదురుచూస్తారు. ద్విచక్ర వాహనం మీద వెళ్లినవారు లారీల మధ్య అర్ధరాత్రి తిరుగు ప్రయాణం చేస్తారు. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉందంటే ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, మెట్రో వేళలు పొడిగిస్తుంది. అదే ఏర్పాటు కచేరీలకూ తప్పనిసరి చేయడానికి అడ్డేమిటో ఎవరూ చెప్పరు.

డబ్బు సంగతికొస్తే, టికెట్ ధర 500 రూపాయలకు మించనంతవరకు కచేరీ మీద జీఎస్టీ లేదు. అది దాటితే 18 శాతం. అంటే 1,500 రూపాయల టికెట్ మీద 270 రూపాయల పన్ను, ఆపైన బుకింగ్ రుసుము. నలుగురు వెళ్తే పన్నే వెయ్యి దాటుతుంది. విలాసం మీద పన్ను వేయడాన్ని నేను తప్పుపట్టను. ఆ 500 రూపాయల మినహాయింపు చాలా విలువైనది, దాన్ని వాడుకుని నగరంలో కచేరీలు పెట్టేవారు చాలినంతమంది లేరన్నదే నా బాధ. మూడు వందల టికెట్‌తో నాలుగు వందల సీట్లు నిండితే లక్షా ఇరవై వేలు. హాలు అద్దె, మైకు, లైట్లు పోను ఐదారుగురు కళాకారులకు గౌరవంగా పారితోషికం ఇవ్వడానికి అది సరిపోవాలి. హాలు అద్దె అందుబాటులో ఉంటేనే సుమా.

పెద్ద మైదానంలో వినికిడి మాట కూడా చెప్పుకోవాలి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు వంద మీటర్ల దూరంలో, చవకైన టికెట్ల వరుసలో నిలబడినవారికి తెర మీద డ్రమ్మర్ కర్ర దిగడం ముందు కనిపిస్తుంది, దెబ్బ దాదాపు సెకనులో మూడోవంతు ఆలస్యంగా వినిపిస్తుంది. మంచి నిర్వాహకులు మైదానం మధ్యలో అదనపు స్పీకర్ల స్తంభాలు నిలిపి, వేదిక నుంచి వచ్చే ధ్వనితో వాటిని కలుపుతారు. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు మొదట కోత పెట్టేది అక్కడే. గాయకుడిని తెర మీదే చూసి, తాళం తప్పినట్టుగా విని, వేలు ఖర్చుపెట్టి వచ్చిన మనిషి మళ్లీ కచేరీ మాట ఎత్తకపోతే ఆశ్చర్యం లేదు.

ఇక మన పాత సభల సంగతి. రవీంద్రుడి శతజయంతికి కట్టిన రవీంద్రభారతి 1961 నుంచి ఉంది. లక్డీకాపూల్, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు రెండూ దానికి దగ్గరే. త్యాగరాయ గానసభ చిక్కడపల్లి నడిబొడ్డున ఉంది, అక్కడికీ మెట్రో ఉంది. మాదాపూర్‌లో దాదాపు 2,500 మంది పట్టే శిల్పకళావేదిక ఉంది. చోటు దొరకని నగరమేమీ కాదు ఇది. కానీ ఆ చోట్లలో జరుగుతున్నదేమిటో దగ్గరగా చూడాలి.

సాయంత్రం ఆరు గంటలకని ఆహ్వానపత్రిక ఉంటుంది. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి మాట్లాడతారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. పాటగాడికి మైకు అందేసరికి ఏడున్నర దాటుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం, మోగుతుంది, గాయకుడు ఫోనులో సాహిత్యం చూసుకుంటూ పాడతాడు. ఒకప్పుడు సినీ సంగీత విభావరి అంటే గాయకుడి వెనక కీబోర్డు, తబలా, వేణువు, రిథమ్ ప్యాడ్లు వాయించే అరడజనుమంది ఉండేవారు. గాయకుడు చరణం ఎత్తుకోవడంలో అర అక్షరం తడబడితే తబలా కళాకారుడు కంటితోనే పసిగట్టి సర్దుకునేవాడు. రసికుడెవరో ముందు వరసలోంచి మరోసారి అని అడిగితే వేణువు మళ్లీ ఎత్తుకునేది. ట్రాక్‌కు ఆ చూపు లేదు, ఆ సర్దుబాటు లేదు. వాద్యకారులకు ఇవ్వడానికి డబ్బు లేదు కాబట్టి ట్రాక్ వచ్చింది. ప్రవేశం ఉచితం కాబట్టి డబ్బు లేదు. ప్రవేశం ఉచితం కాబట్టే శాలువా కప్పించుకునే దాత మాట చెల్లుతుంది, దాతకు ప్రసంగించే సమయం ఇవ్వక తప్పదు. సంగీతం మీద నిజమైన ప్రేమతో సొంత డబ్బు ఖర్చుపెట్టి ఈ సభలను బతికిస్తున్న పెద్దలు ఎందరో ఉన్నారు. వారికి నా నమస్కారం. కానీ ఉచిత ప్రవేశం అనే పద్ధతి వారి శ్రమనే తినేస్తోంది. నూరు రూపాయల టికెట్ పెట్టి, ప్రసంగాలను పది నిమిషాలకు కుదించి చూడండి. వచ్చేవారు మొదట్లో తగ్గవచ్చు. వచ్చినవారు మాత్రం పాట కోసమే వస్తారు.

శాస్త్రీయ సంగీతంలో ఈ నగరానికి ఉన్న గొప్ప ఉదాహరణ ఒక వ్యక్తి భక్తి మీద నడిచింది. హిందుస్థానీ గాయకుడు పండిట్ జస్రాజ్ తండ్రి మోతీరాం 1934లో నిజాం ఆస్థాన గాయకుడిగా నియమితులు కావలసిన రోజునే ఇక్కడ కన్నుమూశారు. అప్పటికి జస్రాజ్‌కు నాలుగేళ్లు. ఆ తండ్రి స్మృతిలో ఆయన 1972 నుంచి హైదరాబాద్‌లో ఏటా సంగీతోత్సవం జరిపించారు. దేశంలోని పెద్ద పెద్ద విద్వాంసులను ఇక్కడికి రప్పించారు. 2020లో ఆయన మరణించారు. అంతటి ఉత్సవాన్ని నగరం తన బాధ్యతగా భావించి, పాఠశాలల పిల్లలను తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. ధనుర్మాసంలో చెన్నై సభలు ఎలా కిటకిటలాడతాయో చెప్పుకుని మురిసిపోయే మనం, మన ఇంటి పండుగకు ఆ హోదా ఇవ్వలేదు.

ఈ గడ్డ మీదే పుట్టిన సంగీతానిదీ అదే పరిస్థితి. ఖవ్వాలీలో వార్సీ సోదరులది హైదరాబాద్. వారి తాతగారు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లోనే పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర అనే తంత్రీ వాద్యం వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వారసత్వంగా పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా డప్పుల సంగీతం మరెక్కడా ఇంత సహజంగా వినిపించదు. పురస్కారం వచ్చిన వారం పాటు టీవీల్లో వీరి ముఖాలు కనిపిస్తాయి. వచ్చే నెల ఏ రోజున, ఎక్కడ, ఎంత టికెట్‌తో వీరిని వినవచ్చో తెలుసుకోవాలంటే మాత్రం సామాన్య శ్రోతకు దారి దొరకదు.

యువ బృందాల కథ వేరు. చౌరస్తా లాంటి తెలుగు బ్యాండ్లు సొంత పాటలతో జనంలోకి వెళ్లాయి, ఆ బృందం నుంచి వచ్చిన రామ్ మిర్యాల ఇవాళ సినిమాల్లో గాయకుడు, సంగీత దర్శకుడు. అలాంటివారు మరో పదిమంది రావాలంటే తప్పులు చేయడానికి, కొత్త పాటను యాభైమంది ముందు పరీక్షించుకోవడానికి చోటు కావాలి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అలాంటి చోటు. దాన్ని పక్కన పెడితే చాలా బృందాలకు దిక్కు పబ్బులే. అక్కడ యజమాని జనానికి తెలిసిన సినిమా పాటలే అడుగుతాడు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన వల్ల కళాశాల పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. తమ వయసువాళ్ల పాట తాము వినలేకపోవడం ఆ పిల్లలకు జరుగుతున్న అన్యాయం.

శబ్ద నియమాలను నిర్వాహకులు శత్రువులుగా చూస్తారు. నాకు అలా అనిపించదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ప్రభుత్వం కోరుకుంటే ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. గచ్చిబౌలి చుట్టూ అపార్టుమెంట్లలో పసిపిల్లలు, వృద్ధులు, తెల్లవారుజామున లేచి పనికి వెళ్లేవారు ఉన్నారు. పదికి ముగించాలంటే ఆరున్నరకే మొదలుపెట్టాలి, అంతే. టికెట్ మీద ఆరున్నర అని వేసి ఎనిమిదిన్నరకు వేదికెక్కే అలవాటు మానితే శ్రోతకు చివరి మెట్రో కూడా అందుతుంది.

2024 నవంబరులో దిల్జీత్ కచేరీకి ముందు అధికారులు నోటీసు ఇచ్చారు. మద్యం, మాదకద్రవ్యాలు, హింసను పొగిడే పాటలు వద్దని, అక్కడి పెద్ద శబ్దం చెవులకు హాని చేస్తుంది కాబట్టి పిల్లలను వేదికపైకి పిలవవద్దని చెప్పారు. రోజుల తరబడి చర్చంతా సాహిత్యం చుట్టూనే తిరిగింది. పిల్లల చెవుల గురించి చెప్పిన మాట చాలా ముఖ్యమైనది, అది ఆ గోలలో కొట్టుకుపోయింది. తర్వాత మూడు వారాలు గడవకముందే, డిసెంబరు 4న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. ఇవి కచేరీలు కావు, నిజమే. కానీ అభిమానంతో గుమిగూడే జనం, ఇరుకైన గేటు, ఎప్పుడు తెరుస్తారో తెలియని అయోమయం అన్నిచోట్లా ఒకటే. కచేరీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఎన్ని టికెట్లు అమ్మవచ్చు, ఎన్ని గేట్లు ఉంటాయి, తాగునీరు ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది, అంబులెన్స్ ఏ దారిన వస్తుంది అన్నవి జనానికి కనిపించేలా ప్రకటించాలి. అనుమతి పత్రం ఫైలులో ఉంటే శ్రోతకు ప్రయోజనం లేదు. అది టికెట్ వెనక అచ్చై ఉండాలి.

ప్రభుత్వం కొత్తగా అంతర్జాతీయ స్థాయి వేదిక ఒకటి కట్టాలన్న మాట తరచుగా వినిపిస్తుంది. కడితే మంచిదే. దానికంటే ముందు చేతిలో ఉన్నవాటిని వాడుకోవాలి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం ఉంది, అసెంబ్లీ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. ఇబ్రహీంబాగ్‌లో తారామతి బారాదరి ఉంది. అక్కడ తారామతి పాడితే గోల్కొండ కోటలో సుల్తానుకు వినిపించేదని జనం చెప్పుకుంటారు. ఈ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం ఈ రెండు చోట్లా ఒక్కో కచేరీ పెట్టవచ్చు. ఒక వారం ఖవ్వాలీ, ఒక వారం కిన్నెర, ఒక వారం కర్ణాటక సంగీతం, మరో వారం సొంత పాటల బ్యాండ్. వాద్యకారులు ఎదుట కూర్చుని వాయించాలి, ట్రాక్ వద్దు. టికెట్ 200 రూపాయలు, విద్యార్థులకు 50. మొత్తం సీజన్ పట్టికను అక్టోబరులోనే విడుదల చేసి మెట్రో స్టేషన్లలో అంటించాలి. కళాకారుడి పారితోషికం కచేరీ ముగిసిన వారంలోగా ఖాతాలో పడాలి. సాంస్కృతిక శాఖకు ఇది అలవికాని పని కాదు, హాళ్లు దాని అందుబాటులోనే ఉన్నాయి. ఒక్క సీజన్ నడిపి, ఎంతమంది వచ్చారో, ఎంత వసూలైందో, ఎంత నష్టం వచ్చిందో లెక్కలు బయటపెడితే, రెండో ఏడు ఏం చేయాలో జనమే చెబుతారు.