మీ సంఘం బరువెంత, బ్రదర్?

మొన్న ఒక పాస్టర్ల సదస్సుకు వెళ్లాను. నేను పాస్టర్ని కాను. మా బావ పాస్టరు. భోజనాల దగ్గర ప్లేట్లు లెక్కపెట్టే పని అతని నెత్తిన పడితే, తోడుగా నన్ను లాక్కెళ్లాడు. గేటు దగ్గర పే...ద్ద ఫ్లెక్సీ. అందులో సూట్లు వేసుకున్న ప్రసంగీకులు పన్నెండు మంది, అందరికీ ఒక చేయి ఆకాశం వైపు. సిలువ కూడా ఉంది. కింద మూలన, ఫ్లెక్సీ కొట్టినవాడి ఫోన్ నంబరు పక్కన. సదస్సు అంశం: సంఘాభివృద్ధికి, అంటే చర్చికి వచ్చే జనాన్ని పెంచడానికి, ఏడు సూత్రాలు.

మొదటి సూత్రం ప్రార్థన. అది అయిదు నిమిషాల్లో అయిపోయింది. రెండోది పార్కింగ్. దానికి గంటన్నర పట్టింది. మిగతావి నాకు సరిగా గుర్తులేవు. సౌండ్ సిస్టం, యూట్యూబ్ లైవ్, కొత్తగా వచ్చినవాళ్లకు స్వాగత కిట్టు, ఇలా సాగాయి. వీసాల కోసం ప్రత్యేక ప్రార్థన పెడితే యువత నిలబడతారని ఒకాయన అనుభవపూర్వకంగా చెప్పారు. వీసా వచ్చాక ఆ యువత ఎక్కడ నిలబడతారన్నది ఎవరూ అడగలేదు.

అసలు సదస్సు టీ బ్రేకులో జరిగింది.

"ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. మీది ఎంత సంఘం?"

"ఆరొందలండీ, ప్రభువు కృప."

"మాది రెండు సర్వీసులు కలిపి పన్నెండొందలు. ఎల్‌ఈడీ వాల్ ఉందా?"

"ఉందండీ, పన్నెండు బై ఎనిమిది."

"మాది పదహారు బై పది. సబ్‌స్క్రైబర్లు?"

ఆరొందలాయన టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఈ దృశ్యం నేనెక్కడో చూశాను. ఎక్కడా అని ఆలోచిస్తే, 1995 వేసవిలో మా వీధి బోరింగు గట్టు మీద. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు!

ఆ కార్డులు ఆడని దురదృష్టవంతుల కోసం చెబుతాను. ఒక్కో కార్డు మీద ఒక్కో మల్లయోధుడు. కింద ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు. ఇద్దరూ పైకార్డు తీస్తారు. వంతు వచ్చినవాడు ఒక అంకె పిలుస్తాడు. ఎవరిది పెద్దదైతే (ర్యాంకులో మాత్రం చిన్నదైతే) రెండో వాడి కార్డు వాడిది. భారీకాయుడు యోకోజునా కార్డు చేతిలో పడ్డవాడు "బరువు" అని మెల్లగా అనేవాడు, గొంతులో తేనె పోసుకుని. అవతలి వాడి ముఖం అచ్చం ఆరొందలాయన ముఖంలాగే అయ్యేది. సాయంత్రానికి ఒకడి జేబు ఉబ్బేది, ఇంకొకడు ఏడుస్తూ ఇంటికెళ్లేవాడు. వీధిలో మొత్తం కార్డులు మాత్రం పొద్దున ఎన్నో సాయంత్రమూ అన్నే.

ఈ ఆఖరి ముక్క సంఘాభివృద్ధి శాస్త్రానికి నా వంతు కానుకగా సమర్పించుకుంటున్నాను. ఉదాహరణకు మా పిన్ని కుటుంబం. కొయిర్‌లో మైకు దగ్గర మాటామాటా వచ్చి ఒక సంఘం మారారు. అక్కడ ప్రేమవిందులో కూర చాలకపోతే ఇంకొకటి మారారు. నాలుగేళ్లలో మూడు సంఘాలు. మూడు వార్షిక నివేదికల్లోనూ "ఈ ఏడు ప్రభువు కొత్త ఆత్మలను అనుగ్రహించాడు" అనే ఉంది. ఇంట్లో మనుషులు అయిదుగురు, ఆత్మలు పదిహేను.

ఇది మనవాళ్లు కనిపెట్టిన లెక్క కాదులెండి. దీనికి పెద్ద శాస్త్రమే ఉంది, అదీ మన దేశంలోనే మొలకెత్తింది. 1897లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో పుట్టిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ మిషనరీగా మధ్య భారతంలో దశాబ్దాలు పనిచేశాడు. ఒకచోట సంఘం పెరుగుతుంది, పక్కనే ఇంకోచోట పెరగదు, ఎందుకని ఆయన బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో దీని మీద ఒక విద్యాలయానికే తొలి డీన్ అయ్యాడు. ఆయన చెప్పినవాటిలో బాగా పేరుపడ్డ సూత్రం ఒకటుంది. మనుషులు తమ జాతి, భాష, వర్గం గీతలు దాటనక్కర్లేకుండా క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారట. కాబట్టి ఒకేరకం మనుషులున్నచోట సంఘం త్వరగా పెరుగుతుందట. అమెరికాలో దీన్ని నోట్సు రాసుకుని చదివారు. మా అమ్మమ్మగారి ఊళ్లో రెండు పేటలకు రెండు చర్చిలు, మధ్యన ఒక్క సిమెంటు రోడ్డు. పాపం, అది సిద్ధాంతమని మాకు తెలీదు. కులమనుకున్నాం.

లెక్క తగ్గితే కంగారు పడటం కూడా పాత అలవాటే. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరులో మకాం వేశారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీదే. 1853లో అమెరికాలోని పెద్దలు ఈ మిషన్ మూసేద్దామా అని చర్చకు పెట్టారు. దీనికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు కూడా పడింది. తర్వాత తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు, సూటు లేకుండా, ఊరూరా తిరిగి తమవాళ్లకు చెప్పుకున్నారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. జనం ఆయన చుట్టూనే ఉన్నారు. అప్పుడాయన చేసిన పని వింటే ఏడు సూత్రాల ప్రసంగీకులకు బీపీ వస్తుంది. బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరకూడదని. కరువు తగ్గుముఖం పట్టాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. మొన్నటి సదస్సులో ఎవరైనా లేచి "కొన్నాళ్లు ఎవర్నీ చేర్చుకోవద్దు" అని ఉంటే, సౌండ్ సిస్టం సూత్రం చెప్పినాయనే వెళ్లి మైకు ఆపేసేవాడు.

నా సొంత పరిశోధన మాత్రం సండే స్కూలుకు సంబంధించింది. 1993 ప్రాంతంలో మా సండే స్కూలు ఎనిమిదిన్నరకు. తొమ్మిదికి దూరదర్శన్లో మోగ్లీ. అరగంటలో పాట, ప్రార్థన, కథ, కంఠత వాక్యం అన్నీ అయిపోవాలి. అందుకే మా బ్యాచి మొత్తానికి ఒకటే వాక్యం వచ్చు. "యేసు కన్నీళ్లు విడిచెను." టీచరమ్మ ఎవర్ని లేపినా అదే. ఏడో కుర్రాడు చెప్పేసరికి ఆవిడకే కన్నీళ్లు వచ్చేవి. కరెంటు ఉన్న ఆదివారం చాప సగం ఖాళీ, కరెంటు పోయిన ఆదివారం చాప చాలేది కాదు. మా పేటలో సంఘాభివృద్ధికి కరెంటువాళ్లు చేసిన సేవ ఏ చరిత్రలోనూ రాయలేదు.

తర్వాత 1997లో శక్తిమాన్ వచ్చాడు. మొదట్లో శనివారం వచ్చేవాడు, సర్దుకుపోయాం. తర్వాత ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మారాడు. మా పాస్టరు అయ్యగారు పదకొండూ నలభైకి "చివరిగా ఒక్కమాట" అనేవారు. ఆ మాట పన్నెండుంబావుకు కూడా అయ్యేది కాదు. ప్రపంచాన్ని చీకటి నుంచి కాపాడుతున్న ఇద్దరిలో ఎవరి దగ్గర ఉండాలన్నది పదకొండేళ్ల మనసుకు చిన్న పరీక్ష కాదు.

ఆ రోజుల్లోనే క్రిస్మస్ నాటకం. గబ్రియేలు దూత వేషం మా బావది. దుప్పటి గౌను, థర్మకోల్ రెక్కలు. మరియమ్మ మోకాళ్లూని ఉంది. బావ నెమ్మదిగా నడిచి రావాలి. కుడిచేయి పైకెత్తి, గిరగిరా తిరుగుతూ వచ్చాడు. ఒక రెక్క ఊడి హార్మోనియం మీద పడింది. మరియమ్మ "భయపడకుము" అనే డైలాగు వినకుండానే లేచి వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తింది. సంఘ పెద్ద ఒకాయన కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కబోయాడు. అయ్యగారు మాత్రం కండువా నోట్లో కుక్కుకుని నవ్వారు. తర్వాతి ఆదివారం సండే స్కూలుకు కొత్త పిల్లలు తొమ్మిదిమంది, శక్తిమాన్ ఎక్కడ అని అడుగుతూ. ఏ సూత్రం కిందికి వస్తుందో మరి.

టీచరమ్మ దగ్గర ఒక అట్ట పుస్తకం ఉండేది, హాజరుది. రానివాడి పేరు పక్కన కారణం రాసేది. జ్వరం. పెళ్లి. మోగ్లీ. అమ్మ కొట్టింది. సాయంత్రం ఆ కారణం పట్టుకుని ఇంటికొచ్చేది, చెంగులో రెండు బిస్కెట్లు మూటకట్టుకుని. జ్వరమైతే ప్రార్థన చేసేది, మోగ్లీ అయితే చెవి మెలేసేది. బిస్కెట్లు రెండింటికీ ఇచ్చేది.

ఆవిడ పోయాక ఆ పుస్తకం బావకు చేరింది. టీ బ్రేకులో పన్నెండొందలాయన బావ దగ్గరికీ వచ్చాడు, "మీ బలం ఎంత బ్రదర్?" అంటూ. "డెబ్భై మూడండీ. మొన్న ఆదివారం అరవై ఎనిమిదే. ఒకరికి డెంగీ, ఒకరు కూతురి పురుడికి వెళ్లారు, మొగుడూపెళ్లాలిద్దరు పోట్లాడుకున్నారు..." అని బావ వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. ఆయన మధ్యలోనే, వేరే కార్డు వెతుక్కుంటూ, జరిగిపోయాడు.

అయిదోది నేను. ఆ ఆదివారం సాయంత్రమే ఫోన్ వచ్చింది.

"ఏరా బామ్మర్దీ, రాలేదే?"

"తలనొప్పి బావా."

"మ్యాచ్ ఎంత స్కోరు?"

నేను మాట్లాడలేదు.

"సరే, శక్తిమాన్ అని రాసుకుంటున్నా. తలుపు తియ్యి, కిందే ఉన్నా."