ఆ ఆరు లైన్లు మీ బాష్‌ఆర్‌సీలో పెట్టకండి

మా బ్యాచ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి చిత్తూరులో చదువుకునే మా పిన్ని కొడుకు కూడా పంపాడు. "ఎన్‌కర్సెస్ ప్రోగ్రాములు తేడాగా కనిపిస్తున్నాయా? ఈ ఆరు ఎక్స్‌పోర్ట్ లైన్లు బాష్‌ఆర్‌సీలో పేస్ట్ చేయండి, ఇక జీవితంలో టెర్మినల్ టెన్షన్ ఉండదు" అని దాని సారాంశం. ఎన్‌కర్సెస్ అంటే టెర్మినల్‌లో మెనూలు, ఫారాలు గీసే లైబ్రరీ, బాష్‌ఆర్‌సీ అంటే బాష్ షెల్ తెరిచినప్పుడు నడిచే సెట్టింగ్స్ ఫైలు. తిరుపతిలో నాకు తెలిసిన కుర్రాళ్లలో సగం మంది పేస్ట్ చేసేసి, ఇప్పుడు ఒక్కొక్కరే ఫోన్ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఇక్కడే రాస్తున్నా.

మొదటి లైనే అన్నిటికంటే చేటు. టర్మ్ వేరియబుల్‌ని ఎక్స్‌టర్మ్-256కలర్ అని బిగించేయమంటాడు ఆ మెసేజ్ రాసినవాడు. ఎక్స్‌టర్మ్ అనేది ఒక టెర్మినల్ ప్రోగ్రాం. స్వామీ, అది మనకు నచ్చిన పేరు పెట్టుకునే చోటు కాదు. నేను ఫలానా రకం అని టెర్మినల్ తన గురించి తాను చెప్పుకునే మాట అది. ఎన్‌కర్సెస్ ఆ పేరు పట్టుకుని, ఒక్కో రకం టెర్మినల్‌కి ఒక్కో ఎంట్రీ ఉండే టెర్మ్‌ఇన్ఫో డేటాబేసులో వెతుకుతుంది. స్క్రీన్ ఎలా తుడవాలి, రంగు ఎలా మార్చాలి, ఏ కీ నొక్కితే ఏ బైట్లు వస్తాయి అన్నదంతా అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. బాష్‌ఆర్‌సీ ఏమో షెల్ తెరిచిన ప్రతిచోటా నడుస్తుంది. ఒకే విండోలో చాలా షెల్‌లు నడిపే టీమక్స్ లోపలా నడుస్తుంది, ఈమాక్స్ ఎడిటర్ లోపలి షెల్‌లోనూ నడుస్తుంది, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే వచ్చే నల్ల కన్సోల్‌లోనూ నడుస్తుంది. అన్నిచోట్లా అదే అబద్ధం చెబుతుంది.

ఆ కన్సోల్ సంగతే చూడండి. అక్కడ ఎఫ్1 నొక్కితే ఎస్కేప్, రెండు చదరపు బ్రాకెట్లు, ఏ వస్తాయి. ఎక్స్‌టర్మ్ ఎంట్రీలో ఎఫ్1 అంటే ఎస్కేప్, ఓ, పీ. రెండూ కలవవు కాబట్టి ఎఫ్1 నొక్కారన్న విషయమే లైబ్రరీకి తెలియదు. గ్రాఫిక్స్ పడిపోయి, అర్ధరాత్రి కన్సోల్ తప్ప గతి లేనప్పుడు మెనూలో ఫంక్షన్ కీలు పనిచేయకపోతే ఎలా ఉంటుందో పేస్ట్ చేసే ముందు ఆలోచించారా? టీమక్స్ లోపల హోమ్, ఎండ్ కీలకూ ఇదే గతి, అక్కడ వచ్చే బైట్లు వేరు, ఎక్స్‌టర్మ్ ఎంట్రీ చెప్పేది వేరు. తిరుచానూరు బస్సుకి కాణిపాకం బోర్డు తగిలిస్తే బస్సు కాణిపాకం పోదు.

"కానీ అన్నా, ఇది పెడితే 256 రంగులు వచ్చాయి" అంటారు. గ్నోమ్ టెర్మినల్ ఇప్పటికే ఆ పేరే పెట్టుకుంటోంది, మీ లైను అక్కడ కొత్తగా చేసిందేమీ లేదు. టీమక్స్‌లో రంగులు కావాలంటే టీమక్స్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ టెర్మినల్‌ని టీమక్స్-256కలర్ అని పెట్టండి, అది దాని సొంత పేరు. కిట్టీ లాంటి కొత్త టెర్మినల్ నుంచి పాత సర్వర్‌కి వెళ్తే టెర్మినల్ తెరవలేను అని ఎర్రర్ వస్తుంది, నిజమే. అప్పుడు కావాల్సింది దొంగ పేరు కాదు, సర్వర్‌లో లేని ఎంట్రీ. ఇక్కడ ఇన్ఫోసీఎంపీ కమాండుతో దాన్ని బయటికి తీసి, అక్కడ టిక్ అనే కమాండుకి ఇస్తే చాలు. రూట్ పర్మిషన్ లేకపోయినా మీ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది.

రెండోది ఎస్కేప్ డిలేని, అంటే ఎస్కేప్ వచ్చాక లైబ్రరీ ఆగి చూసే సమయాన్ని, సున్నా చేయమనడం. ఇక్కడ రాసినవాడి బాధ నిజమే, ఒప్పుకుంటా. డిఫాల్ట్ 1000 మిల్లీసెకన్లు, ఎస్కేప్ నొక్కి నిండా ఒక సెకను చూస్తూ కూర్చోవాలి. కానీ యారో కీ కూడా ఎస్కేప్‌తోనే మొదలవుతుంది, దాని వెనక ఇంకో రెండు బైట్లు వస్తాయి. వాటి కోసమే ఆ ఆగడం. సున్నా చేస్తే ఏమవుతుందో మా పిన్ని కొడుకు చూపించాడు. మొబైల్ హాట్‌స్పాట్ మీద సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, డైలాగ్ అనే టూల్‌తో రాసిన ఫారంలో కింది బాణం నొక్కాడు. మొదటి బైటు ముందొచ్చి, మిగతావి వెనకబడ్డాయి. లైబ్రరీ దాన్ని ఒట్టి ఎస్కేప్ అనుకుంది, ఫారం రద్దయిపోయింది, నింపిందంతా పోయింది. సొంత మెషీన్‌లో 25 పెట్టుకోండి, నెట్ మీద పనిచేస్తే 100 కంటే తగ్గించకండి, లైను మరీ నెమ్మదిగా ఉంటే ఇంకా పెంచండి. దీనివల్ల విమ్ ఎడిటర్ కూడా ఫాస్ట్ అవుతుందని మెసేజ్‌లో రాశాడు, అది పచ్చి అబద్ధం. విమ్ ఈ వేరియబుల్ వైపే చూడదు, దానికి టీటైమ్‌అవుట్‌లెన్ అని సొంత సెట్టింగ్ ఉంది.

మూడో లైనులో లైన్స్, కాలమ్స్, అంటే స్క్రీన్‌లో ఎన్ని వరసలు, ఎన్ని నిలువు గళ్లు అన్న సంఖ్యలు, ఎక్స్‌పోర్ట్ చేయమన్నాడు. అవి ఎన్విరాన్‌మెంట్‌లో కనిపిస్తే ఎన్‌కర్సెస్ ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పే సైజును పక్కన పెట్టేసి వీటినే నమ్ముతుంది. ప్రాంప్ట్ దగ్గర బాష్ ఆ సంఖ్యలు సర్దుతుంది కాబట్టి మొదట్లో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ప్రోగ్రాం నడుస్తుండగా విండో పెద్దది చేయండి, బొమ్మ పాత మూలలోనే ఇరుక్కుని ఉంటుంది.

టెర్మ్‌ఇన్ఫో ఫోల్డర్ దారి పెట్టమన్న నాలుగో లైను అనవసరం. పైగా మొదట అక్కడే వెతుకుతుంది కాబట్టి, మీరు హోమ్‌లో సరిచేసి పెట్టుకున్న ఎంట్రీ మరుగున పడిపోతుంది. ఐదోది ప్యాడింగ్, అంటే టెర్మినల్ అందుకోవడానికి మధ్యలో ఇచ్చే ఆగడం. అది తీసేస్తే స్పీడు పెరుగుతుందన్నది 1978 నాటి వీటీ100 లాంటి నిజమైన టెర్మినళ్ల సంగతి, మీ ల్యాప్‌టాప్‌కి సంబంధం లేదు.

ఆరోది, నో యూటీఎఫ్8 ఏసీఎస్‌ని 1 చేయమన్నది, కరెక్ట్. పాత పద్ధతి గీతల కోడ్‌ల బదులు యూటీఎఫ్8 అక్షరాలతోనే గీతలు గీయమని లైబ్రరీకి చెబుతుంది అది. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో మెనూ తెరిస్తే చుట్టూ గీతల బదులు ఎల్, క్యూ క్యూ క్యూ, కే అని అక్షరాల వరస కనిపిస్తుందే, దానికి సరైన మందు ఇదే. లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగ్, యూటీఎఫ్8 అయి ఉండాలి, అంతే. ల్యాబుల్లో విండోస్ నుంచి పుట్టీతో పనిచేసే పిల్లలకు ఈ ఒక్క లైను నిజంగా ఉపయోగం, మెసేజ్ మొత్తం ఇదొక్కటే అయ్యుంటే నేనే అందరికీ పంపేవాణ్ణి. కొత్త పుట్టీలో ట్రాన్స్‌లేషన్ సెట్టింగ్స్ కింద యూటీఎఫ్8లోనూ వీటీ100 గీతలు గీసే ఆప్షన్ కూడా వచ్చింది.

ఇప్పటికే పేస్ట్ చేసినవాళ్లు ఆరోది ఉంచుకుని, ఎస్కేప్ డిలే విలువ మార్చి, మిగతావి తీసేయండి. నడుస్తున్న టీమక్స్‌లో పాత విలువలు అలాగే ఉండిపోతాయి, పని సేవ్ చేసుకుని టీమక్స్ సర్వర్‌ని కూడా ఆపి మళ్లీ మొదలుపెట్టండి.