ముందు లీక్ పట్టుకోండి, తర్వాతే గ్యాస్

ఏసీలో కూలింగ్ తగ్గితే గ్యాస్ నింపించుకోమని ఏసీల గురించిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నా అభ్యంతరం అక్కడే. ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయిపోదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. మా బరంపురంలో మాత్రం ఉగాది దాటగానే గ్యాస్ పట్టించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ అయిపోయింది!

ఇక్కడ అసలు శత్రువు ఉప్పుగాలి. సముద్రం ఒడ్డునున్న గోపాలపూర్ వైపు ఇళ్లలో బయటి యూనిట్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. అల్యూమినియం రేకులు తెల్లబారి, వేలు తగిలితే పొడిలా రాలుతుంటే ఉప్పు ఆ కాయిల్‌ని (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టని) తినేస్తోందన్నమాట. పైపు జాయింట్ దగ్గర నూనె జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే లీక్ అక్కడేనని అనుమానించాలి. ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం బయటికొస్తుంది. అక్కడ సబ్బు నురగ పూస్తే, లీకుంటే బుడగలు తేలతాయి.

మంచు విషయం కూడా ఆ వ్యాసంలో లేదు. స్ప్లిట్ ఏసీలో సన్న రాగి పైపు మీద మంచు కడితే సాధారణంగా గ్యాస్ తక్కువైనట్టు. లావు పైపు మీద కడితే ముందు ఫిల్టర్ కడిగి చూడండి, చాలాసార్లు ఫిల్టర్‌కి పట్టిన దుమ్మే కారణం.

సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు కంప్రెసర్ గుర్రుమని ఆగిపోతుంటే గ్యాస్‌కీ దానికీ సంబంధం లేదు. కంప్రెసర్ మోటారు తిరగడం మొదలెట్టడానికి ఊపునిచ్చే కెపాసిటర్ బలహీనపడినా అలాగే చేస్తుంది. ప్లగ్గు కాలిన వాసనొస్తే మాత్రం మెకానిక్ కోసం ఎదురుచూడకుండా మెయిన్ ఆపేయండి.

మా అత్తగారు మెకానిక్ సిలిండర్ దించగానే అడిగే మాట ఒక్కటే: "లీకెక్కడో చూపించి అప్పుడు పట్టు నాయనా."