డెబ్బై ఒకరిలో ఇద్దరు

మహారాజశ్రీ సెటప్ ఫైలు గారికి,
గుంటూరు బ్రాడీపేటలో శుభలేఖలు వేసుకుని బతికే డీటీపీ వాడి విన్నపం.

నిన్న మధ్యాహ్నం 2 గంటలకు తమరు నా కంప్యూటర్‌లో దిగారు. పాత ఫాంటు అక్షరాలను చిటికెలో యూనికోడ్‌లోకి మారుస్తామని తమరి మాట. అరగంటలో ప్రూఫ్ ఇస్తానని ఆడపెళ్లివారి బాబాయిగారికి నా మాట. ఇద్దరి మాటలూ గాలికి పోయాయి.

తమరిని తెరవబోతే గుర్తు తెలియని ప్రచురణకర్త అంటూ విండోస్ అడ్డుపడింది. డిజిటల్ సంతకం లేదు. సంబంధానికి వచ్చి ఇంటిపేరు చెప్పనివాడికి ఎవరు కుర్చీ వేస్తారు? సరే, వేలిముద్రైనా చూద్దామని 64 అక్షరాల షా-256 హ్యాష్ తీశాను. తీసి ఏం లాభం? పోల్చుకోవడానికి అసలు హ్యాష్‌ను తమరిని కన్నవారు ఎక్కడా రాయలేదు.

చివరికి ఒక్క ఫైలును బోలెడు యాంటీవైరస్‌లకు ఒకేసారి చూపించే వెబ్‌సైటు వైరస్‌టోటల్‌లో విచారించాను. 71 యాంటీవైరస్‌లలో 69 మౌనం. ఇద్దరు మాత్రం ఎర్రబడ్డారు. ఒకరు ‘జనరిక్’ అన్నారు, ఇంకొకరు ‘అనుమానాస్పదం’ అన్నారు. కుర్రవాడు ఎలాంటివాడండీ అంటే “బాగానే ఉంటాడు గానీ...” అని ఆగిపోయే మేనమామలు వీళ్లు! తాగుతాడంటే వెళ్లిపోతాం. అప్పులున్నాయంటే ఆలోచిస్తాం. ‘జనరిక్’ అంటే ఏం చేసుకోవాలి? పోనీ ఆ 69 మందీ మంచివాడని పూచీపడ్డారా? లేదు, మాకేమీ కనబడలేదన్నారు, అంతే. సంతకం లేని చిన్న ప్రోగ్రాములను ఊరికే అనుమానించడం మామూలేనట. కొత్త వైరస్‌ను మొదట పసిగట్టేదీ అలాంటి ఒకరిద్దరేనట. ఇక నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

ప్రోగ్రామును మిగతా కంప్యూటర్‌కు అంటకుండా విడిగా నడిపి చూసే విండోస్ శాండ్‌బాక్స్‌లో పెట్టి చూడమన్నాడు మా తమ్ముడు. అది హోమ్ ఎడిషన్‌లో ఉండదు. ఉన్నా, అత్తవారింట్లో మూడు రోజులు బుద్ధిగా ఉండే అల్లుళ్లను చూడలేదా?

అప్పుడు కనబడింది తమరి రీడ్‌మీ: ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి.’ కుక్కను కట్టేయమన్నావు, సరే. తలుపు తీసి, బీరువా తాళం గుమ్మంలో పెట్టమంటావా? ఎవడివిరా నువ్వు?

7 గంటలకు బాబాయిగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మేటరంతా మళ్లీ టైపు చేశాను. నలభై నిమిషాలు పట్టింది. నీతో అయిదు గంటలు.

నువ్వింకా ఆ ఫోల్డర్‌లోనే ఉన్నావు. రెండుసార్లు డిలీట్ మీద వేలు పెట్టి తీసేశాను. ఎంతైనా 69 మంది కాదనలేదు కదా.