సవరణ: బంప్ స్టాక్ తీర్పు గురించి

అమెరికా సుప్రీంకోర్టు బంప్ స్టాక్‌లపై (రైఫిల్‌కి తగిలిస్తే తూటాలు చకచకా పేలేలా చేసే పరికరాలు) నిషేధం ఎత్తేసిందని, తుపాకీలున్నవాళ్లంతా పండగ చేసుకుంటున్నారని ఇంతకుముందు పెట్టిన పోస్టుకు ఈ వివరణ.

2024 జూన్ 14న 6-3తో వచ్చిన ఆ తీర్పు ఆయుధం పట్టే హక్కు గురించి కాదు. బంప్ స్టాక్ తగిలించిన రైఫిల్ చట్టం చెప్పే మెషిన్ గన్ (ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వాటంతటవే పేలే తుపాకీ) కిందికి వస్తుందా అన్నదే ప్రశ్న. రాదంది కోర్టు. ఇందులో వేలు కదలదు, రెండో చెయ్యి తుపాకీని ముందుకు నెడుతూ ఉంటుంది. పేలిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి తన్ని, మళ్లీ ముందుకొచ్చి ట్రిగ్గర్ వేలికి తగులుతుంది. అంటే ఒక్కో తూటాకీ ట్రిగ్గర్ ఒక్కోసారి పనిచేసినట్టే లెక్క. కొట్టేసింది 2018 చివర్లో ట్రంప్ ప్రభుత్వం తెచ్చిన నిబంధనను మాత్రమే, రాష్ట్రాల చట్టాల జోలికి పోలేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, అక్కడ వీటిని రాష్ట్ర చట్టమే నిషేధించింది.

ఇక పండగ సంగతి. బంప్ స్టాక్‌లు వాడి జరిపిన 2017 లాస్ వేగాస్ కాల్పుల తర్వాత వీటికి అదనపు నియంత్రణ ఉండాలన్నది సాక్షాత్తూ తుపాకీ హక్కుల సంఘమైన ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్). అలాంటిదే మరో సంఘం గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా మాత్రం నిషేధంపై కోర్టుకెక్కింది. గురి చూసి కొట్టడమే ఆట అనుకునేవాళ్లకు ఈ పరికరం దండగ వ్యవహారం: గురి నిలవదు, తూటాల ఖర్చేమో తడిసి మోపెడవుతుంది. వాళ్లలోనూ “నాకైతే అక్కర్లేదు, అలాగని కొనుక్కున్నవాడి దగ్గర సర్కారు లాక్కుంటే ఒప్పుకోను” అనేవాళ్లు ఉన్నారు.